తూనీగ కంటికి మట్టి

సెప్టెంబరు 8
ఆదివారం, కూటం ముగిశాక

పైవాడి రెక్కల చాటున క్షేమంగా ఉన్నావని నమ్ముతూ, నా చెల్లెలి కడుపున పుట్టి మా ఇంటి గిన్నెలో తిని పెరిగిన పిచ్చుకమ్మకు, మేనమామ తల మీద చెయ్యి పెట్టి దీవించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేనూ మీ అత్తా బాగున్నాం. ఫోన్ ఉండగా ఈ కాగితమేమిటి, మామయ్యకు చాదస్తం ముదిరిందని నవ్వుకుంటున్నావేమో. ఫోన్‌లో నా గొంతు లేచిపోతుంది తల్లీ. నేను అరుస్తుంటాను, నువ్వు అవతల కాస్త మెల్లిగా మామయ్యా అంటుంటావు, అసలు మాట చెప్పకముందే ఛార్జింగ్ అయిపోతుంది. కాగితం మీదైతే నేను కూడా మనిషిలా మాట్లాడగలను.

మనిషిలా అన్నానా? ఆ మాట దగ్గరే నా గుండెలో రాయి పడింది. విను.

నువ్వు తయారుచేసిన కొత్త కన్ను చేరింది. ఎస్టేట్‌లో మందు కొట్టే డ్రోను పొట్ట కింద దాన్ని బిగించాం. ఆ డ్రోనును ఇక్కడ అందరం తూనీగ అంటాం కదా. బిగించింది మెకానిక్కు. వాణ్ని అందరూ బోల్టు అని పిలుస్తారు, అసలు పేరు వాడికైనా గుర్తుందో లేదో. నువ్వు పంపిన ఆ కన్ను పలకను అరచేతిలో పెట్టుకుని, 'అగ్గిపెట్టెంత కూడా లేదు, దీనికి బుర్ర ఎక్కడుంది అయ్యగారూ? మీ ప్రసంగం ఒక్కటి ఎక్కిస్తే పేలిపోతుంది' అన్నాడు. కన్ను తేలికగా ఉంటేనే తూనీగ మందు ఎక్కువ మోస్తుందని, అందుకే మా పిచ్చుకమ్మ దాన్ని చెక్కి చెక్కి ఇంత చేసిందని గొప్పగా చెప్పుకున్నాను.

దానికి తెలిసినవి మూడే కదా. ఆకు, కలుపు, మనిషి. ఈ మూడూ కానిదల్లా దాని లెక్కలో మట్టి. ఫొటోలు పంపడం బరువని, చూసినదాన్ని రంగులుగా మాత్రమే నా టాబ్లెట్‌కు పంపుతుంది. ఆకు పచ్చగా, కలుపు ఎర్రగా, మట్టి గోధుమరంగులో. మనిషి కనబడితే పసుప్పచ్చ గడి గీసి, మందు చిమ్మే మూతులన్నీ మూసుకుని, ఆ మనిషి తప్పుకునేదాకా గాల్లోనే నిలబడుతుంది. గ్రంథంలో ప్రవక్తను మోసుకుపోతున్న గాడిద గుర్తుందా? దారికడ్డంగా కత్తి దూసి నిలబడ్డ దూత ప్రవక్తకు కనబడలేదు, గాడిదకు కనబడ్డాడు, అది ఆగిపోయింది. తూనీగ ఆగినప్పుడల్లా నాకు ఆ గాడిదే తలపుకొస్తుంది. ఎదుట ఒక ప్రాణం ఉంటే ఆగాలని తెలిసిన జీవి.

పాత కన్నుతో నా పాట్లు నీకు చెప్పే ఉన్నాను. లేవగానే గట్టు మీద నన్ను చూసి మూతులు మూసుకునేది. నేను పొద వెనక నక్కి నడపాల్సి వచ్చేది. మేనేజరు, 'పాస్టరుగారూ, దాగుడుమూతలు ఆడటానికా జీతం?' అని నలుగురిలో అనేవాడు. కొత్త కన్నుతో ఆ బాధ తీరింది. నా నెత్తి మీదుగా దర్జాగా వెళ్లిపోతోంది. నీ చేతులకు దీవెన అనుకున్నాను.

మొన్న బంగాళాదుంప చాళ్లలో ఒక కర్ర అడ్డంగా పడి ఉంటే తీయడానికి లోపలికి దిగాను. టాబ్లెట్ చేతిలోనే ఉంది. నేను నిలబడ్డ చోటు చూసుకున్నాను. పసుపు గడి లేదు. గోధుమరంగు. చుట్టూ పచ్చని ఆకు, మధ్యలో నా పాదాలంత మట్టి. చెయ్యి ఊపాను. ఎగిరాను. పిచ్చివాడిలా చాళ్లలో అటూ ఇటూ నడిచాను. నేను కదిలినచోటికల్లా ఆ మట్టి మచ్చ కదిలింది, పిచ్చుకమ్మా. అవతల కలుపు ఏరుతున్న ఇద్దరు ఆడవాళ్ల చుట్టూ వెంటనే గడులు పడ్డాయి. వాళ్ల కోసం తూనీగ మర్యాదగా ఆగింది. వాళ్లు తప్పుకున్నాక నా మీదకు వచ్చింది. దాని గాలికి నా టోపీ ఎగిరిపోయింది. నా బొటనవేలి పక్కనున్న కలుపు మొక్కకు గురిచూసి ఒక చిమ్ము చిమ్మి వెళ్లిపోయింది. నా తెల్ల ప్యాంటు మీద ఒక్క చుక్క లేదు.

మంటిలోంచి తీసినవాణ్ని మంటికే పంపుతానన్న మాట ఎన్ని సమాధుల దగ్గర చదివాను నేను! ఇంకా ఊపిరి ఉండగానే ఆ మాట నా మీద అమలైపోయిందా? ఇంటికొచ్చి మీ అత్తకు చెబితే, 'నేను రోజూ చెప్పేవి మీకు వినపడవు, పోనీ దానికి మీరు కనపడలేదు, లెక్క సరిపోయింది' అని కూర తరుగుతూ కూర్చుంది.

నవ్వులాట కాదు. నీ లెక్కల్లో చూసి చెప్పు. నాలో ఏం తక్కువైందో.

నీ మేలు కోరే
మామయ్య


సెప్టెంబరు 23

పిచ్చుకమ్మకు, సంతోషంతో మామయ్య దీవెనలు.

కెమెరా అద్దం తుడవమని నువ్వు పంపిన మెసేజ్ చూశాను. తుడిచాను. నా చొక్కా అంచుతో ఒకసారి, మీ అత్త కళ్లజోడు గుడ్డతో ఒకసారి. అద్దంలో ఏమీ లేదు. మచ్చ మన చూపులో ఉంది తల్లీ, అది ఇప్పుడు పోయింది!

నాకు కలిగిన భయాన్ని కూటంలో దాచకుండా చెప్పాను. దాచుకునే నోరు దేవుడు నాకివ్వలేదు. కూటం అయ్యాక అందరూ పొలానికి వస్తామన్నారు. కూటానికి తెల్లబట్టలతో రావాలన్నది మా నియమం, నీకు తెలుసు. అదే తెల్లబట్టలతో చాళ్లలోకి దిగారు. ట్రాక్టరు డ్రైవరు ఒక్కడే డ్యూటీ నుంచి నేరుగా నీలం చొక్కాతో వచ్చాడు. తూనీగను లేపాను. టాబ్లెట్ మీద పొలమంతా పచ్చగా ఉంది. మధ్యలో ఒకే ఒక పసుపు గడి, డ్రైవరుది. మిగిలినవాళ్లెవరూ లేరు. తల ఎత్తితే కళ్లెదుట తెల్లగా నిలబడి ఉన్నారు, పాడుతున్నారు. తల దించితే ఖాళీ పొలం. పాట మాత్రం వినబడుతోంది.

డ్రైవరు ఇంటికి పరిగెత్తి తెల్లబట్టలు తొడుక్కుని వచ్చాడు. గడి పోయింది. తూనీగ వాడి మీదుగా కూడా వెళ్లింది, ఒక్క చుక్క రాల్చలేదు.

అప్పుడు నాకు వెలుగు కలిగింది. గ్రంథంలోని ఆ పాత రాత్రి గుర్తు చేసుకో. గుమ్మాల మీద గుర్తున్న ఇళ్లను సంహారకుడు ముట్టకుండా దాటిపోలేదా? ఈ తెలుపు మా గుమ్మం మీది గుర్తు! లోకపు కంటికి కనబడనివాళ్లే పైవాడి కంటికి కనబడేవాళ్లు! మరుసటి ఆదివారం ఈ మాట మీద నేను మండిపోయాను, పిచ్చుకమ్మా. బల్ల మీద గుద్దిన గుద్దుకు నీళ్ల గ్లాసు కింద పడి పగిలింది. రంగుబట్టలు మూట కట్టేయమన్నాను. పనికీ తెలుపే, ఇంటికీ తెలుపే అన్నాను. ఒక్కరు ఎదురు చెప్పలేదు.

బోల్టు గాడి నోరు ఊరుకుంటుందా? 'అయ్యగారూ, మీవాళ్లంతా పైకి ముందే టికెట్ కొట్టించుకున్నట్టున్నారు, కింద ఒక్కడూ కనపట్లేదు' అన్నాడు. మేనేజరు మాత్రం మహా సంతోషంగా ఉన్నాడు. మావాళ్లు చాళ్లలో ఉన్నా తూనీగ ఆగదు కాబట్టి పని ఆగదు.

ఇంతకీ చెప్పాల్సింది మీ అత్త సంగతి. ఇన్నేళ్లలో నా ప్రసంగానికి ఒక్కసారి కన్ను చెమర్చని మనిషి. చివరి వరుసలో కూర్చుని, ఇంటికొచ్చాక నేను ఎక్కడ తప్పు చదివానో చెప్పే మనిషి. ఆ రోజు ఆమె ఒక్కతే పొలం మధ్యకు నడిచింది. తూనీగ ఆమె మీదకు వచ్చి, కొంగు ఎగరేసి, పొడిగా వదిలేసి పోయింది. ఆమె చాళ్లలోనే మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. దెబ్బ తగిలిందేమోనని పరిగెత్తాను.

ఆమె చెంప సంగతి నీకు తెలుసు కదా. చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలిన చెంప. పెళ్లి నాటి నుంచి ఆ మచ్చ గురించి మా మధ్య ఒక్క మాట రాలేదు. ఆ రోజు అంది, 'నన్ను చూసిన ప్రతి కన్నూ ముందు ఇక్కడ ఆగుతుందండీ. తర్వాత పక్కకు తప్పుకుంటుంది. మీది కూడా. ఇది ఆగలేదు. తప్పుకోలేదు. నేను లేనట్టు పోయింది. ఎంత హాయిగా ఉందో!'

ఆమెను లేపి ఇంటికి తీసుకొచ్చాను.

ఇప్పుడు పాట ఎత్తేది ఆమే. అందరికన్నా ముందు పొలంలోకి దిగేది ఆమే. నీ చిన్న పలక నా ఇంట్లో చేసిన పని నా ప్రసంగాలన్నీ కలిసి చేయలేదు. నీకు ఎలా కృతజ్ఞత చెప్పను?

మామయ్య


అక్టోబరు 14

పిచ్చుకమ్మకు మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. బ్యాటరీల షెడ్డులో నిలబడి చదివాను, తర్వాత కూర్చుని చదివాను. నాకు అర్థమైనట్టు తిరిగి రాస్తున్నాను, తప్పైతే దిద్దు.

మామయ్య పొదల వెనక దాక్కుంటున్నాడని విని నీకు జాలేసింది. పాత కన్నుతో తూనీగ పైనుంచి తీసి దాచిన వాటిల్లో నేను గట్టు మీద నిలబడి ఉన్న ఫొటోలన్నీ ఏరావు. ఇది మనిషి కాదు, మట్టి, నువ్వు సాగిపో అని ఆ కంటికి నేర్పావు. నన్ను మాత్రమే వదిలేస్తుందని అనుకున్నావు. పెద్ద బుర్ర అయితే నా ముఖమో నా నడకో గుర్తుపెట్టుకునేది. తేలిక కోసం చెక్కిన బుర్రలో అంత చోటు లేదు. నా ముఖాన్ని వదిలేసి నేను రోజూ కట్టే తెలుపును పట్టుకుంది. నువ్వు పరీక్షించిన పొలం ఫొటోల్లో నేను తప్ప తెల్లబట్టల వాళ్లెవరూ లేరు కాబట్టి నీకు తెలియలేదు.

నిన్ను తిట్టను. ప్రేమతో చేశావు. కానీ తల్లీ, నువ్వు ఉత్తరం రాసిననాటికీ ఇప్పటికీ పొలం మారిపోయింది. మంచు పట్టింది. ఆకుమాడు తెగులు దిగింది. పొద్దున పచ్చగా ఉన్న చాలు సాయంత్రానికి నల్లబడి కుళ్లు వాసన కొడుతోంది. ఇప్పుడు కలుపును వెతికి కొట్టే పని కాదు. తెగులు మందు పొలమంతా కప్పాలి. ఆకని చూడదు, మట్టని చూడదు. మనిషి అనుకుంటే తప్ప మూతులు మూయదు.

సంహారకుడు ఆ రాత్రి గుర్తు చూసి దాటిపోయాడు. ఇది గుర్తు చూసి మీద పోస్తోంది!

అప్పటికే మావాళ్లు రెండుసార్లు తడిసి ఉన్నారు. వెంటనే అందర్నీ కూడదీశాను. నీ ఉత్తరం చదివి వినిపించాను. ఇది సూచన కాదు, మా మేనకోడలు నా మీద జాలితో చేసిన సర్దుబాటు అన్నాను. ఇంత చిన్నగా ఎప్పుడూ మాట్లాడలేదు నేను. వాళ్లు నా వైపు చూడలేదు, మీ అత్త వైపు చూశారు. ఆమె లేచి నిలబడింది. గొంతు బొంగురుపోయి ఉంది, దగ్గుతోంది. 'పిచ్చుకమ్మ ఎవరి చేతిలో పనిముట్టు? జాలి ఆమె మనసులో పెట్టిందెవరు? మొన్నటిదాకా పొడిగా దాటింది, అది గుర్తు. ఇప్పుడు తడుపుతోంది, ఇది అభిషేకం. గుర్తు తర్వాత అభిషేకమే కదా, మీరు నేర్పిందే కదండీ' అంది.

నేను నేర్పిందే. అక్షరం పొల్లు పోకుండా నేను నేర్పిందే ఆమె నోట వచ్చింది.

నువ్వు చెప్పినట్టు పాత కన్ను బిగిద్దామని మేనేజరు దగ్గరకు వెళ్లాను. అది ఆయన బీరువాలో ఉంది, తాళం ఆయన జేబులో ఉంది. 'తెగులు వారంలో పొలం మింగేస్తుంది. మనిషి కనబడ్డప్పుడల్లా ఆగే కన్నుతో ఎప్పటికి కొడతారు? మందు కొట్టేటప్పుడు బయటికి రమ్మని బోర్డు పెట్టాను. మీవాళ్లనే తెల్లబట్టలు మానమనండి, అయిపోయింది. మానిపించలేరా? అంత గొంతుంది కదా!' అన్నాడు. ఆయన మాటలో తప్పు దొరకలేదు. అందుకే ఎక్కువ మండింది.

పైఆఫీసుకు ఫిర్యాదు చేశాను. ఒక అధికారి వచ్చాడు. చారల చొక్కాతో పొలంలో నిలబడ్డాడు. తూనీగ ఆయన ముందు ఎంతో వినయంగా ఆగింది. బాగా పనిచేస్తోందని రాసుకుని, నాకు నమస్కారం పెట్టి, జీపెక్కి వెళ్లిపోయాడు. ఆయన వెనకే చాళ్లలో మావాళ్లు నిలబడి ఉన్నారు, పిచ్చుకమ్మా. మంచులో తెలుపు. వాళ్లను ఆయన కూడా చూడలేదనిపించింది.

నేను ఇక నడపనని టాబ్లెట్ బోల్టు చేతిలో పెట్టాను. విరగ్గొట్టేస్తాను దీన్ని అని అరిచాను. వాడు ఈసారి నవ్వలేదు. 'షెడ్డులో ఇంకా ఉన్నాయి పెద్దాయనా. నేను కాదంటే ఇంకొకడు నడుపుతాడు. నేనైతే మీరు కేకేస్తే వింటాను' అన్నాడు.

ఇంట్లో మేమిద్దరం ఇప్పుడు మాట్లాడుకోవడం తక్కువ. ఆమె దగ్గు గోడ ఇవతలికి వినబడుతుంది. మందు వాసన ఆమె జుట్టులోంచి వస్తోంది. డాక్టరు దగ్గరికి రమ్మంటే, 'డాక్టరు టార్చి వేసి చూస్తాడు, నాకు చూపులు వద్దండీ' అంటోంది.

తప్పు దిద్దిన కన్నుకు కొన్ని వారాలు పడుతుందన్నావు. నీ నిద్ర మానుకో. నా కోసం కాదు, నీకు అన్నం ముద్దలు కలిపి పెట్టిన చేతుల కోసం.

మామయ్య


అక్టోబరు 21
ఎస్టేట్ ఆసుపత్రి నుంచి

పిచ్చుకమ్మకు మామయ్య దీవెనలు. కంగారు పడకు. మీ అత్త ప్రాణంతో ఉంది. ఈ ముక్క ముందు చదివి, ఊపిరి తీసుకుని, తర్వాత మిగతాది చదువు.

నిన్న పొద్దున మంచు చాళ్ల మధ్య పాలలా నిలిచింది. పది అడుగుల అవతల ఏముందో తెలియదు. పాట మొదలైంది. బోల్టు గట్టు మీద టాబ్లెట్‌తో నిలబడ్డాడు. నేను మా మంచం మీది ఎర్ర దుప్పటి ఒంటికి చుట్టుకుని చాళ్లలోకి దిగాను. నేను వాళ్ల మధ్య నిలబడితే తూనీగ నన్ను చూసి ఆగాలి కదా. నా ఒక్కడి కోసం మూతులు మూస్తే అందరూ బతుకుతారు కదా. ఇంత చిన్న ఉపాయం అన్ని రోజులు తట్టలేదు నాకు.

తూనీగ మంచులోంచి దిగింది. నా మీదకు వచ్చి ఆగింది. మూతులు మూసుకుంది. దుప్పటి రెపరెపలాడుతుంటే రెండు చేతులతో పట్టుకున్నాను. గట్టు మీంచి బోల్టు, 'పడింది పెద్దాయనా! గడి పడింది! మీ ఒక్కరిదే!' అని కేకేశాడు. నా ప్రాణం లేచివచ్చింది. చూశారా, ఆగింది చూశారా అని చుట్టూ తిరిగి అరిచాను.

పాట ఆగిపోయింది. ట్రాక్టరు డ్రైవరు, చావు కబురు చెప్పినట్టు, 'అయ్యగారు కనబడ్డారు' అన్నాడు.

వాళ్లు నా నుంచి వెనక్కి జరిగారు. నేను ముందుకు వెళ్లాను. వాళ్లు ఇంకా జరిగారు. వాళ్లు జరిగినచోట నేను లేను కాబట్టి తూనీగ మళ్లీ కదిలింది, మూతులు తెరిచింది. నేను వాళ్ల వైపు పరిగెత్తాను. వాళ్లు పరిగెత్తారు. ఆపరా అని గట్టు వైపు కేకేశాను, పైనున్న తూనీగ మోతలో బోల్టుకు చేరలేదు. పిచ్చుకమ్మా, నేను ఎన్నో ఏళ్లుగా ఒక్కొక్కరినీ వెతికి తెచ్చుకున్న మంద అది. ఎర్ర దుప్పటి కప్పుకున్న ముసలాడు తరుముతుంటే, ఆ మంచులో, అడుగుల చప్పుడు తప్ప ఏమీ కనబడకుండా చెదిరిపోయింది. నేను చేరినచోట తూనీగ ఆగుతోంది. నేను లేనిచోట పోస్తోంది. ఎటు వెళ్లినా ఎవరినో ఒకరిని వదిలేసినట్టే.

చివరికి మీ అత్త కనబడింది. పరిగెత్తలేదు. చాలు మధ్యలో నిలబడి దగ్గుతోంది. దుప్పటి సగం విప్పి చాచాను, రా లోపలికి అన్నాను. ఆమె చెయ్యి అడ్డంపెట్టింది. 'దగ్గరికి రాకండి. మీరు కనబడుతున్నారు' అంది.

ఆ మాటకు నా కాళ్లు ఆగిపోయాయి. ఆగకుండా ఉండాల్సింది. ఆమె తిరిగి మంచులోకి నడిచింది. తూనీగ నన్ను దాటి అటు వెళ్లింది. మందు పడే చప్పుడు విన్నాను, సన్నని వానలా. తర్వాత దగ్గు. తర్వాత దగ్గు కూడా లేదు.

వెతికి పట్టుకునేసరికి చాలు మధ్యలో పక్కకు ఒరిగి ఉంది. పెదాలు నీలం తిరిగాయి. దుప్పటిలో చుట్టి ఎత్తుకున్నాను. ఆమె ఇంత తేలికైందని నాకు తెలియదు. తూనీగ మా మీదకు వచ్చి నిలబడింది. గట్టు చేరేదాకా అక్కడే, మా నెత్తిన, మూతులు మూసుకుని నిలబడింది. బోల్టు టాబ్లెట్ కింద పడేసి పరిగెత్తుకొచ్చి కాళ్లవైపు పట్టాడు.

ముక్కుకు గొట్టం పెట్టారు. ఊపిరితిత్తుల్లో మంట ఉందన్నాడు డాక్టరు. 'తగ్గుతుంది. కానీ ఇంకొక్కసారి ఆ మందు పీల్చితే నన్ను అడగకండి' అన్నాడు. మేనేజరు పండ్లు పంపాడు.

మంద ఆసుపత్రి వెనక గడ్డిలో కూర్చుంది. కిటికీలోంచి తెల్లగా కనబడుతున్నారు. నాతో మాట్లాడరు. వాళ్లకు తేలాల్సింది ఒకటే. అమ్మగారిని తూనీగ చూసిందా, లేదా. చూసి ఉంటే ఇదంతా ఉత్తిదేనని ఇళ్లకు పోతారట. చూడకపోయి ఉంటే మళ్లీ పొలంలోకి.

మధ్యాహ్నం మీ అత్త కళ్లు తెరిచింది. నీళ్లు అడుగుతుందనుకున్నాను. నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని, 'మీరు నన్ను ఎత్తుకున్నప్పుడు అది నన్ను చూసిందా?' అని అడిగింది. ఆ అడగడంలో ఉన్న భయం నేను ఏ చావుమంచం దగ్గరా చూడలేదు. నేను జవాబు చెప్పాను. ఆమె కాలిన చెంప దిండుకు ఆనించి, చిన్నపిల్లలా నిద్రపోయింది. సాయంత్రం కూడా లేచి రెండు చెంచాల గంజి తాగింది. నీ గురించి అడిగింది. బక్కచిక్కి ఉంటుంది, వేళకు తినమని రాయండి అంది.

నువ్వు వెంటనే బయలుదేరు, వచ్చేప్పుడు దిద్దిన కన్ను తీసుకునే రా. అది పూర్తికాకపోతే ఉత్త చేతులతోనైనా రా. ఆమె నీ మాట వింటుంది.

ఆమె మంచం పక్క కుర్చీలోంచి,
నీ మామయ్య

తా.క. తెల్లారింది. కవరు అంటించబోయి మళ్లీ విప్పాను. నేను ఏమని జవాబు చెప్పానో పైన రాయలేదు. దాటేశాను.

లేదు అన్నాను. నిన్ను చూడలేదు, నన్నొక్కడినే చూసింది అన్నాను. అబద్ధం, పిచ్చుకమ్మా. బోల్టు టాబ్లెట్ తెచ్చి చూపించాడు. ఒకే పసుపు గడి, కాస్త వెడల్పుగా. అందులో ఇద్దరం ఉన్నాం. చూసిందని చెప్పి ఉంటే ఆమె ఏడ్చేది, నన్ను అసహ్యించుకునేది, ఈ మంచం మీదే ఉండేది. ఆ ముఖం చూసి ఆ మాట అనలేకపోయాను. వాళ్లు కూర్చున్న వైపు కిటికీ తెరిచే ఉందని తర్వాత చూశాను.

ఇప్పుడే వాష్‌రూమ్‌కు వెళ్లి వచ్చేసరికి ఆయా వరండాలో ఎదురొచ్చింది. మంచం ఖాళీగా ఉందంది. గొట్టం తీసి దిండు మీద పెట్టి ఉంది. పరుపు మీది తెల్ల దుప్పటి లేదు. కిటికీ కింద గడ్డిలో ఒక్కరూ లేరు, కూర్చున్నచోట్లు మాత్రం అణిగి ఉన్నాయి. మంచు ఇంకా లేవలేదు. పొలంలో తూనీగ లేచిన చప్పుడు ఇక్కడికి వినబడుతోంది.

ఈ ఉత్తరం ఆయా చేతికిచ్చి వెళ్తున్నాను. ఆమెకు వినబడేంత దగ్గరికి చేరగలిగితే, చూసిందనే చెబుతాను.